స్టేజ్ 2 పోలో కొనొచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్లి. 2017 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ ఒకటి అమ్మకానికి ఉంది, 78 వేల కిలోమీటర్లు తిరిగింది, అమ్మేది రెండో ఓనర్. ఈసీయూ రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్‌లు మార్చడం), డౌన్‌పైప్ (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టం), ఇంటేక్ (గాలి లోపలికి వెళ్లే దారి), కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల సస్పెన్షన్), 17 అంగుళాల అలాయ్‌లు, మొత్తం స్టేజ్ 2, అంటే రీమ్యాప్‌తో పాటు భాగాలు కూడా మార్చిన బండి అంటున్నారు. 7 లక్షలు చెబుతున్నారు, మార్పులకే 2 లక్షలు పెట్టానని బిల్లులు చూపించారు. ఒక రౌండ్ తిప్పితే వీపు సీటుకి అతుక్కుపోయింది సార్. తీసుకోమంటారా?

జవాబు: ఆ రౌండ్ తర్వాత మీకు సరిగ్గా నిద్ర పట్టి ఉండదు, నాకు తెలుసు. అందుకే ముందు డబ్బు సంగతి. మార్పులకు పెట్టిన ఆ 2 లక్షలు ఆయన ముచ్చట కోసం పెట్టుకున్నవి, మీ లెక్కలో అవి సున్నా. ఇదే ఏడాది, ఇంచుమించు ఇన్నే కిలోమీటర్లు తిరిగి, ఏమీ మార్చని జీటీ టీఎస్ఐ ఎంతకు వస్తుందో కనుక్కోండి, దానికంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు. నన్నడిగితే కాస్త తక్కువే ఇవ్వాలి, ఎందుకంటే ఆ పవర్ ఇంజిన్ నుంచీ గేర్‌బాక్స్ నుంచీ ఇప్పటికే ఎంత పిండారో బిల్లుల్లో రాసి ఉండదు.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ 1.2 లీటర్ ఇంజిన్ ఇచ్చేది 105 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్, అంటే తిప్పే బలం. నాకు ఇంజిన్ కంటే గేర్‌బాక్స్ మీదే ఎక్కువ భయం. ఆ 7 గేర్ల డీఎస్‌జీలో (దానంతటదే గేర్లు మార్చుకునే గేర్‌బాక్స్) ఉండేది డ్రై క్లచ్, అంటే ఆయిల్‌లో మునగనిది, దాన్ని 250 ఎన్ఎం వరకు తట్టుకునేలా చేశారు. రీమ్యాప్ తర్వాత తీసిన డైనో షీట్, అంటే మెషీన్ మీద పవర్, టార్క్ కొలిచిన కాగితం అడగండి. టార్క్ ఆ అంకె దగ్గరికి వచ్చిందంటే వదిలేయండి. షీటే లేదంటే, ఎవరో ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైల్ ఎక్కించేసి పంపించారనే అర్థం చేసుకోవాలి. టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీద కాదు, సాయంత్రం ఆరున్నరకి సిల్క్ బోర్డ్ వైపు తీసుకెళ్లండి. ఇంచీ ఇంచీ కదిలే ట్రాఫిక్‌లో క్లచ్ వేడెక్కాక ఒకటి నుంచి రెండో గేర్‌కి మారేటప్పుడు బండి వణికినా, కుదుపు ఇచ్చినా ఖర్చు పెద్దదే.

మర్నాడు పొద్దున్నే ఇంకోసారి వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసుకోండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో గలగలమంటే ఇంజిన్ లోపల ఏదో అరిగిందని అనుమానించాలి. కాసేపు ఐడిల్‌లో ఉంచి యాక్సిలరేటర్ నొక్కితే వెనక నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పరికరం) సీల్ పోయి ఉండొచ్చు. తర్వాత స్కానర్ పెట్టించండి. ఎర్రర్ కోడ్‌లు ఏవీ లేవు అనగానే సంతోషపడొద్దు, రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను చేసుకునే పరీక్షలు) ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే ఎవరో ఈమధ్యే కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. ఇంకో మాట, ఆయన ఇన్నాళ్లూ ఏ పెట్రోల్ పోయించారో అడగండి. బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పెంచిన ఇంజిన్‌లో మామూలు పెట్రోల్ పోస్తే, ప్లగ్ నిప్పు చిమ్మాక మంట చేరకముందే మిగిలిన మిశ్రమం దానంతటదే పేలవచ్చు. అదే నాకింగ్, పిస్టన్లను తినేసేది అదే.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది: పాత డౌన్‌పైప్, అందులోని క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషాన్ని తగ్గించే భాగం, క్యాట్ అంటారు) ఎక్కడ ఉన్నాయి? చాలా ఏళ్ల క్రితం నేనూ ఇలాంటి బండే మోజుపడి కొన్నాను. పాత భాగాలు గ్యారేజీలో ఉన్నాయి, పంపిస్తానన్నారు, అవి ఎప్పుడో తుక్కుకి పోయాయి. ఎమిషన్ టెస్ట్‌లో బండి ఫెయిల్ అయింది, వారాల తరబడి జేసీ రోడ్డు స్పేర్ పార్ట్స్ షాపులన్నీ తిరిగి చివరికి కొత్త క్యాట్ కొన్నాను, ఆ బాధ ఇంకా గుర్తుంది. కాబట్టి పాత భాగాలన్నీ మీ కళ్ల ముందు డిక్కీలో పెట్టాకే అడ్వాన్స్ ఇవ్వండి, కంపెనీ ఒరిజినల్ ఈసీయూ ఫైల్ కూడా తీసుకోండి.

చట్టం సంగతి దాచను. ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత ఇలాంటి ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా పడొచ్చు, పట్టుబడేది అప్పటి ఓనర్, అంటే మీరు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని మార్పులుంటే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. పాలసీని 14 రోజుల్లో మీ పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టండి, ఆయన నో క్లెయిమ్ బోనస్ మాత్రం మీకు రాదు. లోన్ ఏదైనా ఉందా, ఆర్‌సీలో చూసుకోండి.

చల్లటి ఇంజిన్ గలగలమనకుండా ఉండి, గేర్లు మెత్తగా పడి, పాత భాగాలు చేతికొస్తే తీసుకోండి. 2022లో పోలో ఇక్కడ ఆగిపోయింది, మంచి జీటీ దొరకడం అదృష్టమే. కానీ కొన్నాక మొదటి పని, క్యాట్ తిరిగి బిగించి ఒరిజినల్ ఫైల్ వేయించడం. కాయిలోవర్లు, అలాయ్‌ల సంగతి ఏం చేయాలో ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి ఐ20 ఎన్ లైన్ టర్బో కొనిచ్చాం, ఇంకా వారంటీలో ఉంది. రీమ్యాప్ చేయించుకుంటానని గొడవ. చెబితే వినడం లేదు. - బాణసవాడి నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, వారంటీ అయ్యేదాకా వద్దని గట్టిగా చెప్పండి. తర్వాత ఇంజిన్‌కి ఏదైనా అయితే ఈసీయూ మార్చారన్న కారణంతో ఆ ఖర్చు మీ మీదే పడొచ్చు. 120 పీఎస్ ఉన్న చిన్న కారు అది, పిల్లాడు దాన్ని పూర్తిగా వాడటం ఇంకా నేర్చుకుని ఉండడు. ఆ డబ్బుతో మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు వేయించండి. వేగం మీద అంత ఇష్టముంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్ డే ఉన్నప్పుడు వెళ్లమనండి. నంది హిల్స్ రోడ్డు మీద మాత్రం వద్దు, దయచేసి.

ప్రశ్న: ఏమీ మార్చని టర్బో కారులో 100 ఆక్టేన్ పోస్తే పవర్ పెరుగుతుందా?

జవాబు: ఆక్టేన్ అంటే పవర్ కాదు, నాకింగ్‌ని తట్టుకునే శక్తి. మామూలు పెట్రోల్‌కి ట్యూన్ చేసిన ఇంజిన్‌లో 100 పోస్తే పెద్దగా తేడా తెలియదు, జేబుకి తప్ప. పెట్రోల్ మూత లోపల ఏ నంబర్ రాసి ఉందో చూసి అదే పోయించండి.