బాఖ్ ఆర్గాన్ సంగీతం పియానో మీద చెడిపోతుందా?

జర్మన్ స్వరకర్త బాఖ్ ఆర్గాన్‌కి (చర్చిల్లో గొట్టాలతో మోగే పెద్ద వాద్యానికి) రాసినవాటిని, తర్వాతి కాలపు పియానో విద్వాంసులు లిస్ట్, బుసోనీలు పియానోకి మార్చి పాడుచేశారా అని అడిగారు. కొన్ని పాడయ్యాయి. ఒకటి మాత్రం ఆర్గాన్ మీదకన్నా పియానో మీదే బాగుంటుందని నా గట్టి నమ్మకం.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో చదువుకునేటప్పుడు ఒక పాత పియానో అద్దెకు తెచ్చుకున్నాను. కుర్రతనం కదా, ఏకంగా లిస్ట్ మార్చిన ఆరు ప్రెల్యూడ్, ఫ్యూగు జంటల్లో (ముందు ఆరంభ రచన, ఆ తర్వాత ఒకే రాగపు వరసలు ఒకదాన్నొకటి తరుముకునే ఫ్యూగు) మొదటిది, ఎ మైనర్ అనే స్వరస్థాయిలోది, మొదలుపెట్టాను. ఆర్గాన్ మీద కాళ్లతో వాయించే వరస కూడా ఇక్కడ చేతుల నెత్తినే పడుతుంది, అదీ ఆక్టేవుల్లో, అంటే ఒకే స్వరాన్ని పై స్థాయిలోనూ కింది స్థాయిలోనూ కలిపి నొక్కాలి. అరగంటకే ముంజేయి పట్టేసేది. ఒక సాయంత్రం కింది వాటా పెద్దావిడ తలుపు కొట్టింది. ఇంకా ఏడే అయింది, రాత్రి పది దాకా ఇబ్బంది లేదు కదా అని ధీమాగా తీశాను. "గోడకు మేకులు కొడుతున్నారేమో అనుకున్నాను" అందావిడ. వెటకారం కాదు, నిజంగానే అనుకుందట.

సిగ్గేసి బుసోనీ మార్చిన పది కోరల్ ప్రెల్యూడ్ల (చర్చి పాటల మీద అల్లిన రచనల) పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చుకున్నాను. అందులో బాఖ్ రచనల జాబితాలో 639వ నంబరుది, ఎఫ్ మైనర్, చాలా చిన్నది. ఉన్నవి మూడే వరసలు. రెండు వారాల తర్వాత మెట్ల మీద ఎదురైతే ఆవిడ అదే పాట కూనిరాగం తీస్తోంది. "ప్రభువైన యేసుక్రీస్తూ, నిన్నే పిలుస్తున్నాను" అని చిన్నప్పుడు చర్చిలో పాడిందట.

మా అమ్మ వీణ వాయిస్తుంది. అందుకే నాకు తేడా వెంటనే తెలిసింది. ఆర్గాన్ హార్మోనియం జాతిది, మెట్టు నొక్కినంతసేపూ మోగుతూనే ఉంటుంది. పియానో వీణ జాతిది, మోగిన మరుక్షణం నుంచే స్వరం ఆరిపోతుంటుంది. ప్రార్థన పాటకి ఆ ఆరిపోవడమే అందం. కోట్లాడే ఫ్యూగులకి అదే శాపం. ఆ లోటు పూడ్చడానికే ఆ ఆక్టేవుల మోత.

ఇక "అసలుదే వినాలి" అనేవాళ్లది కోడిగుడ్డు మీద ఈకలు పీకడం. ఇటలీ స్వరకర్త వివాల్డీ వయొలిన్ కాన్చెర్టోలను (వాద్యబృందంతో కలిసి వాయించే రచనలను) ఆర్గాన్‌కి మార్చుకున్నది బాఖే కదా! పైగా ఆయన వాయించిన ఆర్గానే వినాలంటే ఎలా? ఆయన 1723 నుంచి 1750లో పోయేదాకా పనిచేసిన లైప్‌జిగ్ సెయింట్ థామస్ చర్చిలో ఇప్పుడున్న పెద్ద ఆర్గాన్ 1889 నాటిది. దానికన్నా ముందే, 1852లోనే, లిస్ట్ పుస్తకం అచ్చయింది. బాఖ్ కాలపు పద్ధతిలో కట్టిన రెండో ఆర్గానైతే 2000లో వచ్చింది.

నా ఎ మైనర్ ఇప్పటికీ పూర్తి స్పీడులో రాదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మేకులు కొట్టుకుంటూ ఉంటాను.