పామాయిల్ మురుగుకు వెలుతురు ఎప్పుడు చూపాలి?

పామాయిల్ మిల్లుల మురుగునీటిని కాంతి ఉత్ప్రేరకాలతో శుద్ధి చేయడంపై పాఠకుల ప్రశ్నలు, వాటికి జవాబులు.

ప్రశ్న: స్టెరిలైజర్, క్లారిఫికేషన్ ట్యాంకుల నుంచి వచ్చే మురుగును చల్లార్చి, కాంతి ఉత్ప్రేరకమైన టైటానియం డయాక్సైడ్ పొడి కలిపి, నేరుగా అతినీలలోహిత దీపాల కింద నడిపిస్తే శుద్ధి చెరువుల బెడద తప్పుతుంది కదా?

జవాబు: తప్పదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. ముడి మురుగులో సీఓడీ (నీటిలోని పదార్థాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ కొలత) లీటరుకు 50,000 మి.గ్రా. దాకా ఉంటుంది, అంటే ఘనమీటరుకు 50 కిలోలు. ఒక కిలో సీఓడీ పూర్తిగా ఆక్సీకరణం చెందాలంటే 31 మోల్‌ల ఆక్సిజన్ కావాలి, 125 మోల్‌ల ఎలక్ట్రాన్లు చేతులు మారాలి. ఎలక్ట్రాన్‌కొక ఫోటాన్ చొప్పున చూసినా, 365 నానోమీటర్ల కాంతి 11.4 యూనిట్లు ఖర్చవుతుంది. ఒక్క ఫోటాన్ కూడా వృథా కాని పక్షంలో మాట ఇది. నిజానికి వెలుతురు పడ్డప్పుడు ఉత్ప్రేరకంలో విడిపోయే ఎలక్ట్రాన్, రంధ్రం (ఎలక్ట్రాన్ వెళ్లిపోయిన ఖాళీ) చాలావరకు మళ్లీ కలిసిపోయి వేడిగా మారిపోతాయి. నూటికి ఐదు ఫోటాన్లు పనికొచ్చాయనుకున్నా కిలోకు 228 యూనిట్లు, ఘనమీటరు మురుగుకు 11,400 యూనిట్లు. ఇది కాంతి లెక్క మాత్రమే. దీపంలో వేడిగా పోయే కరెంటు దీనికి అదనం.

అదే నీటిని మూత వేసిన వాయురహిత డైజెస్టర్‌లోకి పంపండి. కిలో సీఓడీ తగ్గితే 0.35 ఘనమీటరు మీథేన్ వస్తుంది. 50 కిలోల్లో 40 కిలోలు తగ్గినా 14 ఘనమీటర్ల మీథేన్, అంటే దాదాపు 140 యూనిట్ల వేడి మీకే ఎదురు దక్కుతుంది. బ్యాక్టీరియా ఉచితంగా చేసిపెట్టే పనిని ఫోటాన్లకు అప్పగించకూడదు.

పైగా ముడి మురుగు 80 నుంచి 90 డిగ్రీల వేడితో, పీహెచ్ 4-5 మధ్య, లీటరుకు 18,000 మి.గ్రా. తేలే మడ్డితో, వేల మిల్లీగ్రాముల నూనెతో వస్తుంది. ఆ నూనె దీపం తొడుగుకూ ఉత్ప్రేరకానికీ పట్టేస్తుంది. మడ్డి వెలుతురును లోపలికి పోనివ్వదు. స్పెక్ట్రోఫోటోమీటరులో 1 సెం.మీ. క్యువెట్ (నమూనా పోసే చిన్న పారదర్శక పాత్ర) పెట్టి 365 నానోమీటర్ల దగ్గర చూడండి. అబ్సార్బెన్స్ 2 వస్తే 99 శాతం వెలుతురు ఆ మొదటి సెంటీమీటరులోనే ఆగిపోయినట్టు. ముడి మురుగును బాగా పలచన చేయకుండా ఆ పరికరం కొలవను కూడా లేదు.

ప్రశ్న: మరి చివరి చెరువు దాటాక కూడా నీరు టీ డికాక్షన్ రంగులోనే ఉంటోంది. దాని మీద ప్రయోగశాలలో పరీక్ష చేయాలంటే ఎలా అమర్చుకోవాలి?

జవాబు: వెలుతురుకు తగిన చోటు ఇదే. ఆ రంగు లిగ్నిన్, టానిన్, మెలనోయిడిన్ల వంటి పదార్థాలది. బ్యాక్టీరియా వాటిని అంత తేలిగ్గా ముట్టదు. వెలుతురు పడ్డ ఉత్ప్రేరకం దగ్గర పుట్టే చురుకైన ఆక్సీకరణి, హైడ్రాక్సిల్ రాడికల్ మాత్రం వదలదు.

నమూనాను రాత్రంతా 4 డిగ్రీల వద్ద తేర్చి, పైతేటను గ్లాస్ ఫైబర్ ఫిల్టరులో వడకట్టండి. పీహెచ్, క్షారత (నీటికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి), సీఓడీ, రంగు ముందే కొలిచి పెట్టుకోండి. క్షారత చాలామంది వదిలేస్తారు, దెబ్బ తగిలేదీ అక్కడే. వాయురహిత దశ దాటిన నీటిలో బైకార్బోనేట్ దండిగా ఉంటుంది. రాడికల్ రంగును పట్టేలోపే దాన్ని బైకార్బోనేట్ తినేస్తుంది. పీహెచ్ పెరిగి అది కార్బోనేట్‌గా మారితే నష్టం ఇంకా ఎక్కువ, రాడికల్‌ను కార్బోనేట్ పట్టే వేగం బైకార్బోనేట్ కంటే 40 రెట్లకు పైమాటే. అందుకని ఆమ్లంతో పీహెచ్‌ను 4-5కి దించి, గాలి బుడగలతో కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేయండి. నురగ బాగా పొంగుతుంది కాబట్టి పాత్ర సగానికి మించి నింపొద్దు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వద్దు, క్లోరైడ్ కూడా రాడికల్స్‌ను మింగుతుంది. పీహెచ్ దించడంలో ఇంకో లాభం ఉంది. టైటానియం డయాక్సైడ్ ఉపరితల ఆవేశం పీహెచ్ 6.5 దరిదాపుల్లో సున్నా. అంతకు దిగువన అది ధనావేశంతో ఉండి, ఋణావేశమున్న టానిన్లను దగ్గరకు లాక్కుంటుంది.

500 మి.లీ. నీటిని చల్లటి నీరు తిరిగే రెండు గోడల బీకరులో పోసి, మాగ్నెటిక్ స్టిరర్ మీద పెట్టండి. ఉత్ప్రేరకాన్ని లీటరుకు 0.25, 0.5, 1.0, 1.5 గ్రాముల చొప్పున నాలుగు విడతలుగా పరీక్షించండి. మొదట వేగం పెరుగుతుంది, తర్వాత నిలకడగా ఉంటుంది, ఆపైన పొడే వెలుతురుకు అడ్డుపడి పడిపోతుంది. నిలకడ మొదలైన మోతాదే మీది. పొడిని కొద్ది నీటిలో సోనికేటరులో విడగొట్టి కలపండి, లేకపోతే ఉండలు కట్టి అడుక్కు చేరుతుంది.

వెలుతురు వేసే ముందు 30 నుంచి 60 నిమిషాలు చీకట్లో తిప్పాలి. ఆ తర్వాత తీసిన నమూనాయే అసలైన సున్నా. చీకట్లో తగ్గిన సీఓడీ పొడికి అంటుకున్నదే తప్ప విరిగింది కాదు. దాన్ని వెలుతురు ఖాతాలో వేసిన ఫలితాలను నమ్మకండి. గాలి బుడగలు మొదటి నుంచి చివరిదాకా ఆగకూడదు. ఎలక్ట్రాన్‌ను పట్టుకునేది ఆక్సిజనే, అది లేకపోతే పని ఆగిపోతుంది. 365 నానోమీటర్లకు బోరోసిలికేట్ గాజు సరిపోతుంది. 254 నానోమీటర్ల దీపమైతే క్వార్ట్జ్ తొడుగే కావాలి.

దీనితో పాటు మూడు పోలిక పరీక్షలు తప్పనిసరి: పొడి లేకుండా వెలుతురు, వెలుతురు లేకుండా పొడి, రెండూ లేకుండా గాలి ఒక్కటే. బీకరు మీద నీటిమట్టం గీత గీసి, ఆవిరైన మేరకు నమూనా తీసే ముందు స్వేదనజలం పోయండి. ప్రతిసారీ 10 మి.లీ. తీసి, 0.22 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టాకే కొలవండి. నీటిలో మిగిలిన పొడి కాంతిని చెదరగొట్టి రంగు ఎక్కువగా చూపిస్తుంది. తీసిన నమూనాల మేరకు మట్టం దిగుతుంది, గీతను అప్పుడప్పుడే దించుకోండి.

ప్రశ్న: హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే రంగు త్వరగా పోతోంది, కానీ సీఓడీ పెరిగినట్టు చూపిస్తోంది. ఎందుకు?

జవాబు: మిగిలిపోయిన పెరాక్సైడ్ పని అది. సీఓడీ పరీక్షలో ఆక్సీకరణిగా వాడే డైక్రోమేట్‌ను అది క్షయకరణం చేస్తుంది. లీటరుకు 100 మి.గ్రా. పెరాక్సైడ్ మిగిలితే లేని సీఓడీ 47 మి.గ్రా. కనిపిస్తుంది. పెరాక్సైడ్ స్ట్రిప్‌తో చూసి, చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్ వేసి బుడగలు ఆగేదాకా తిప్పి, వడకట్టి అప్పుడు కొలవండి. సల్ఫైట్‌తో చంపొద్దు, అది మిగిలితే అదీ సీఓడీగానే లెక్కకొస్తుంది. మోతాదు మించితే పెరాక్సైడే రాడికల్స్‌ను తినేస్తుంది కాబట్టి తక్కువతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచండి.

ప్రశ్న: టైటానియం బదులు జింక్ ఆక్సైడ్ వాడవచ్చా?

జవాబు: మీ నీటి పీహెచ్ 7 నుంచి 9 మధ్య ఉంటే పరీక్షించి చూడొచ్చు. ఆమ్లంలో అది కరిగిపోతుంది. వెలుతురు కింద తనంతట తానే కొంత తరుగుతుంది కూడా. కరిగిన జింక్ చేపలకు, నీటి జీవాలకు విషం. ఒక కాలుష్యాన్ని తీసి ఇంకో కాలుష్యాన్ని పెట్టడం ఏ రకంగానూ సబబు కాదు. వదిలే నీటిలో జింక్ కొలవకుండా ఆ దారిలోకి వెళ్లకండి.

ప్రశ్న: వాడిన పొడిని కడిగి మళ్లీ వాడితే మూడోసారికే నీరసపడుతోంది. అసలు దాన్ని నీటి నుంచి తీయడమే కష్టంగా ఉంది.

జవాబు: పని అయ్యాక పీహెచ్‌ను 6.5కి తెచ్చి తిప్పడం ఆపేయండి. ఆవేశం లేక రేణువులు ఒకదానికొకటి అంటుకుని దిగుతాయి. రాత్రంతా ఉంచి పైనీరు తీసేయండి. నీరసానికి కారణం ఉపరితలానికి పట్టిన సేంద్రియ పదార్థం, ఫాస్ఫేట్. సేంద్రియ పదార్థాన్ని 105 డిగ్రీల వద్ద ఆరబెట్టాక 400-450 డిగ్రీల వద్ద రెండు గంటలు కాల్చి పోగొట్టవచ్చు. 600 దాటనివ్వొద్దు, రేణువులు అతుక్కుపోయి ఉపరితలం కుంచించుకుపోతుంది, చురుకైన అనటేజ్ స్ఫటిక రూపం అంత చురుకులేని రూటైల్‌గా మారడం మొదలవుతుంది. ఫాస్ఫేట్ కాలితే పోదు. పలచటి సోడియం హైడ్రాక్సైడ్‌లో తిప్పి, నీటితో శుభ్రంగా కడగాలి.

ప్రశ్న: సూర్యకాంతితోనే నడిపిస్తే కరెంటు ఖర్చు ఉండదు కదా? రంగు పోతే నీటిని వదిలేయవచ్చా?

జవాబు: కరెంటు మిగులుతుంది, స్థలం ఖర్చవుతుంది. చివరి నీటిలో సీఓడీ 400 మి.గ్రా. ఉండి అందులో సగం తీయాలంటే, పై లెక్క ప్రకారమే ఘనమీటరుకు 46 యూనిట్ల అతినీలలోహిత కాంతి కావాలి. మంచి ఎండలో చదరపు మీటరుకు 30 వాట్లు, ఐదు గంటలు అనుకుంటే రోజుకు 0.15 యూనిట్. అంటే ఘనమీటరుకు 300 చదరపు మీటర్లు. గంటకు 60 టన్నుల గెలలు ఆడించే మిల్లు రోజుకు 20 గంటలు నడిస్తే, టన్నుకు 0.65 చొప్పున 780 ఘనమీటర్ల మురుగు. దానికి 58 ఎకరాలు! కంటికి కనిపించే కాంతితో పనిచేసే గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్ అనే ఉత్ప్రేరకం 460 నానోమీటర్ల దాకా పట్టుకుంటుంది గానీ, ఆ నీలికాంతిని మీ గోధుమరంగు నీరే ముందు మింగేస్తుంది. కాబట్టి జార్ పరీక్షతో (చిన్న జాడీల్లో వేర్వేరు మోతాదులు పోల్చి) మోతాదు చూసుకుని, మలినాలను గడ్డకట్టించే పాలీ అల్యూమినియం క్లోరైడ్‌తో తేర్చి, రంగు వీలైనంత తగ్గించాకే వెలుతురుకు పంపండి. అది కూడా మిల్లులో తిరిగి వాడుకోదలచిన కొద్దిపాటి నీటినే.

వదలడం సంగతికొస్తే, కొలిచేది రంగును కాదు. మలేషియాలో 1977 నాటి ముడి పామాయిల్ నిబంధనలు బీఓడీ (నీటిలోని సేంద్రియ పదార్థాన్ని తినడానికి బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్ కొలత) పరిమితిని అంచెలంచెలుగా తగ్గించి, 1984 నుంచి నదిలోకి వదిలే నీటికి లీటరుకు 100 మి.గ్రా. చేశాయి. దాన్ని 30 డిగ్రీల వద్ద మూడు రోజులకు కొలుస్తారు. పెద్ద అణువులు ముక్కలయ్యాక బ్యాక్టీరియా తినగలిగే చిన్న ఆమ్లాలు మిగులుతాయి కాబట్టి, రంగు విరిగిన తొలి గంటల్లో బీఓడీ పెరగొచ్చు కూడా. అప్పుడు దీపాలు ఇంకా వెలిగించి కూర్చోకండి. పీహెచ్ సరిచేసి, పొడి తీసేసి, పెరాక్సైడ్ మిగల్లేదని చూసుకుని, ఆ నీటిని వాయుసహిత చెరువుకే తిప్పి పంపండి.