అన్నయ్యతో ఎప్పుడైనా మాట్లాడారా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. పెళ్లి కాలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ అమ్మానాన్నలతోనే ఉంటున్నాను. నాన్న పేరున ఉన్న ఫ్లాట్‌కు ఆరేళ్లుగా ఈఎంఐ నేనే కడుతున్నాను. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. ఏదైనా అన్నయ్యను అడిగే చేస్తారు. అమ్మ మోకాలి ఆపరేషన్‌కు సెలవు పెట్టింది నేను, ఏ ఆస్పత్రో తేల్చింది అన్నయ్య. మొన్న ఆఫీసు పని మీద అమెరికా వెళితే, ‘ఈ వయసులో కూడా అమ్మానాన్నల దగ్గరేనా?’ అని అక్కడి కొలీగ్ ఆశ్చర్యపోయింది. అప్పటి నుంచి సిగ్గుగా ఉంది. వేరే ఇల్లు తీసుకోవాలా?

జవాబు: ఆ కొలీగ్ మాట వదిలేయండి. కరోనా రోజుల్లో, 2020 జూలైలో, వాళ్ల దేశంలోనే 18 నుంచి 29 ఏళ్ల వారిలో సగం మందికి పైగా తల్లిదండ్రుల ఇంట్లోనే ఉన్నారు. కన్నవాళ్లను చూసుకుంటున్నందుకు మీరు సిగ్గుపడటం నాకు బాధ కలిగించింది.

మీ టెన్షన్ ఇంటి గురించి కాదు, అన్నయ్య గురించి. చాకిరీ మీది, పెత్తనం ఆయనది. అమ్మానాన్నలకు మీ మీద ప్రేమ లేక కాదు. కొడుకు దూరమైపోతాడన్న బెంగతో ప్రతి చిన్నదానికీ ఆయన్ని అడుగుతున్నారు. మీరు ఎదురుగానే ఉన్నారు కాబట్టి అడగాలని తోచదు. ఇన్నేళ్లలో ఇది మీరు అన్నయ్యతో ఒక్కసారైనా అన్నట్టు ఉత్తరంలో లేదు. అనకపోతే ఆయనకెలా తెలుస్తుంది? తల్లిదండ్రుల పోషణ బాధ్యత కొడుకుకీ కూతురికీ కూడా ఉందని 2007 చట్టం చెబుతోంది. దూరంగా ఉన్నంత మాత్రాన ఆయన వంతు పోదు.

ఫ్లాట్ సంగతి ఇంకా ముఖ్యం. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా ఉందిలే అనుకుని ఊరుకోకండి. పుట్టుకతో వచ్చే ఆ హక్కు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో. నాన్న స్వార్జితాన్ని ఆయన ఎవరికైనా రాసివ్వవచ్చు. ఈఎంఐ కట్టినంత మాత్రాన దస్తావేజులో మీ పేరు చేరదు. నాన్న ఆరోగ్యంగా ఉండగానే మీ వాటా రిజిస్టర్ చేయించమని అడగండి. లోన్ నడుస్తోంది కాబట్టి ముందు బ్యాంకును, ఒక లాయర్‌ను కలవండి. ఇలా అడగడం ఆశ కాదమ్మా, ఆరేళ్ల మీ కష్టం అది.

ఈ ఆదివారం వీడియో కాల్‌లో నలుగురూ ఉన్నప్పుడే, ‘అన్నయ్యా, ఇకపై అమ్మానాన్నల విషయంలో మనిద్దరం కలిసి నిర్ణయిద్దాం, ఖర్చు కూడా పంచుకుందాం’ అనండి. గొంతు పెంచొద్దు, ఏడవొద్దు. ఫ్లాట్ మాట కూడా అప్పుడే ఎత్తండి. ఆయన వెనకాల నాన్నను ఒప్పించారన్న మాట రేపు మీకు రాకూడదు.