వేడినీటి బుగ్గల ఆర్కియా అన్నింటిలో జన్యు నియంత్రణ ఒకేలా ఉంటుందా?

ఉండదండీ. ఆర్కియా అంటే బ్యాక్టీరియాలా కనిపించినా వేరే వర్గానికి చెందిన ఏకకణ జీవులు, సల్ఫోలోబస్, పైరోకాకస్ వాటిలోనివే. సల్ఫోలోబస్ గురించి చదివింది పైరోకాకస్‌కూ వర్తిస్తుందా అని అడిగారు కదా, సగమే వర్తిస్తుంది. నా పీహెచ్‌డీ సల్ఫోలోబస్ మీదే, పక్క బెంచీవాళ్లు పైరోకాకస్ పెంచేవాళ్లు, అందుకే ఈ తేడాలు రోజూ కనబడేవి.

జన్యువును చదివే యంత్రాంగం మాత్రం రెండిట్లో ఒకటే. జన్యువు ముందుండే టాటా బాక్స్ అనే డీఎన్‌ఏ ముక్క మీద టీబీపీ, పక్కన టీఎఫ్‌బీ అనే ప్రోటీన్లు చేరితే, జన్యువును ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ వస్తుంది, దాదాపు మన కణాల్లో లాగే. దాన్ని ఆపే, నడిపే ప్రోటీన్లు చాలావరకు బ్యాక్టీరియా రకం, తేడాలన్నీ అక్కడే మొదలవుతాయి.

పైరోకాకస్ ఫ్యూరియోసస్‌నే చూడండి. ఇటలీలోని వల్కానో దీవి దగ్గర దొరికింది, 100 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. అందులో సర్‌ఆర్ అనే ప్రోటీన్ ఉంది, నాకు ఎంత చదివినా తనివి తీరదు. గంధకం లేనప్పుడు అది డీఎన్‌ఏను పట్టుకుని హైడ్రోజన్ తయారుచేసే జన్యువులను నడుపుతుంది, గంధకాన్ని వాడుకునే జన్యువులను ఆపి ఉంచుతుంది. గంధకం కలిపామా, దానిలోని సిస్టీన్లనే రెండు అమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి ముడిపడి పట్టు వదిలేస్తుంది, పది నిమిషాల్లోనే ఆ హైడ్రోజన్ జన్యువుల పని తగ్గుముఖం పడుతుంది. ఎల్లోస్టోన్‌లో దొరికిన సల్ఫోలోబస్ అసిడోకాల్డేరియస్ బతుకే వేరు: 75-80 డిగ్రీలు, పీహెచ్ 2-3, పైగా ఆక్సిజన్ కావాలి. అతినీలలోహిత కిరణాలు తగిలితే అది టీఎఫ్‌బీ3 అనే ప్రోటీన్‌ను పెంచుకుని, కణాలు గుంపుకట్టి డీఎన్‌ఏ ఇచ్చిపుచ్చుకునే జన్యువులను నడుపుతుంది.

డీఎన్‌ఏను చుట్టి ఉంచే తీరు కూడా వేరే. పైరోకాకస్ బంధువు థెర్మోకాకస్ కొడకరెన్సిస్‌లో హిస్టోన్లకు (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లు) రెండు జన్యువులున్నాయి, ఏదో ఒకటి తీసేయొచ్చు గానీ రెండూ తీస్తే బతకదు. సల్ఫోలోబస్‌కు హిస్టోన్లే లేవు, ఆల్బా, క్రెన్7 లాంటి చిన్న ప్రోటీన్లతో నెట్టుకొస్తుంది.

వీటిలో జన్యువులు మార్చడం మామూలు తలనొప్పి కాదు. ఆ వేడికి ప్లేట్లలో పోసే అగర్ జెల్లీ నిలవదు, వేడికి తట్టుకునే జెల్‌రైట్ పోయాలి, అయినా ప్లేట్లు ఎండిపోకుండా తడి డబ్బాలో పెట్టాలి. చాలా యాంటీబయాటిక్‌లు ఆ వేడికి, ఆమ్లానికి పాడైపోతాయి, అందుకే యురాసిల్ (ఆర్‌ఎన్‌ఏలో ఒక భాగం) తయారుచేసుకోలేని రకాలను తీసుకుని, ఆ జన్యువు అందాక బతికినవాటినే ఏరుకుంటాం. అందువల్ల చాలా నియంత్రణ ప్రోటీన్ల గురించి మనకు తెలిసింది పరీక్షనాళికలో చూసిందే. పేపర్ చదివేటప్పుడు ఏ జాతి అన్నదొక్కటే కాదు, ఆ ప్రోటీన్ డీఎన్‌ఏను పట్టుకుందని ఏ ఉష్ణోగ్రత దగ్గర చూశారో కూడా మెథడ్స్‌లో వెతకండి, చాలాసార్లు అది ఆ జీవి పెరిగే వేడికంటే బాగా తక్కువే ఉంటుంది.