పెద్ద కారు వద్దు, ప్రయాణాలు మానవద్దు

ప్రశ్న: మాది ఉప్పల్. నాకూ నా భార్యకూ కలిపి నెలకు 78,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి ఖర్చులు 58,000, చిట్టీ 10,000. అమ్మ, తొమ్మిదో తరగతి చదివే పాప, ఏడేళ్ల బాబు మాతోనే ఉంటారు. నెలకు రెండు ఆదివారాలు యాదగిరిగుట్ట, అనంతగిరి, నాగార్జునసాగర్ అంటూ కారులో వెళ్లి రాత్రికి తిరిగి వస్తాం. మాది చిన్న కారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ వెనక సీట్లో ఇరుక్కుని కూర్చోవలసి వస్తోంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోని 3 లక్షలు కట్టి, 10 లక్షలు అప్పు తీసుకుని ఏడు సీట్ల కారు కొనవచ్చా? క్రెడిట్ కార్డుపై 46,000 బాకీ ఉంది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. టోల్ వార్షిక పాస్ కూడా తీసుకోమంటున్నారు. తీసుకోవాలా?

జవాబు: కారు ఇప్పుడు వద్దు. ప్రయాణాలు మాత్రం మానకండి. మీ పాప రెండేళ్లలో ఇంటర్‌లో చేరుతుంది. ఆ తర్వాత ఆదివారం కూడా పరీక్షలే. నాయనమ్మతో కలిసి తిరిగే రోజులు ఇవే. వాటిని ఖర్చుల పట్టికలోంచి కొట్టేయమని నేను చెప్పను.

10 లక్షల అప్పు 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 16,090 రూపాయలు. ఇంటి ఖర్చులూ చిట్టీ పోగా మీకు మిగిలేది 10,000. ప్రయాణాలన్నీ మానేసినా వాయిదాకు సరిపోదు. పైగా ఆపదకు ఆదుకోవలసిన డిపాజిట్ ఖాళీ అవుతుంది. అమ్మగారి ఇబ్బందికి ముందు పైసా ఖర్చు లేని మార్గం చూడండి. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు వెనక్కి జరిపి కాళ్లు చాపుకోనివ్వండి. మీ శ్రీమతి పిల్లలతో వెనక కూర్చుంటారు. గంటకోసారి కారు ఆపి అమ్మగారిని నాలుగడుగులు నడిపించండి.

నన్ను కలవరపెట్టింది కారు కాదు, ఆ కార్డు బాకీ. నెలకు 3.5 శాతం చొప్పున 46,000పై వడ్డీ 1,610 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 1,900. అంటే ప్రతి నెలా ఒక యాదగిరిగుట్ట ప్రయాణానికి సరిపడే డబ్బు, మీరు ఇల్లు కదలకుండానే పోతోంది. అదీగాక పాత బాకీ ఉండగా కార్డుతో కొత్తగా ఏం కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. అదే 46,000 డిపాజిట్‌లో 7 శాతానికి ఉంటే ఏడాది మొత్తానికి వచ్చేది 3,220. కార్డు వడ్డీ దాన్ని రెండు నెలల్లో దాటేస్తుంది. కాబట్టి ఈ వారమే డిపాజిట్‌లోంచి 46,000 తీసి బాకీ మొత్తం కట్టేయండి. గడువుకు ముందు తీస్తే వడ్డీ కాస్త తగ్గుతుంది, అయినా లాభమే. కొన్ని బ్యాంకులు కావలసినంత వరకే తీసుకోనిస్తాయి, అడగండి. మిగిలే 2,54,000 నాలుగు నెలల ఇంటి ఖర్చుకు సరిపోతుంది. దాన్ని ముట్టుకోకండి.

మీరు రాసి పంపిన అనంతగిరి లెక్క చూశాను. పెట్రోలు 1,400, దారిలో హోటల్ భోజనాలు 1,950, సాయంత్రం టీలు, మొక్కజొన్న పొత్తులు, చిప్స్ 480, టోలు, పార్కింగ్ 320, బాబుకు బొమ్మ 350. మొత్తం 4,500. పెట్రోలు కన్నా తిండికే ఎక్కువైంది. తెల్లవారుజామున పులిహోర కలిపి, పెరుగన్నం గిన్నెలో పెట్టి తీసుకువెళితే అయిదుగురికి నాలుగు వందలు దాటదు. కొండమీద చెట్టు కింద అరిటాకు పరుచుకుని తిన్న పులిహోర పిల్లలకు పెద్దయ్యాక కూడా గుర్తుంటుంది. ఇది నా చిన్ననాటి అనుభవంతో చెబుతున్న మాట. వంట పని ఒక్క మీ శ్రీమతి మీదే పడకుండా చూసుకోండి.

రెండు ప్రయాణాల్లో ఒకటి దగ్గరలోనే పెట్టుకోండి. యాదగిరిగుట్టకు ఉప్పల్ నుంచి బస్సులుంటాయి. మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మగారికి, మీ శ్రీమతికి, పాపకు టికెట్టు లేదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు దగ్గరుంచుకుంటే చాలు. మీకొక టికెట్టు, బాబుకు అర టికెట్టు. కారులోనే వెళ్లాలనుకుంటే భూదాన్ పోచంపల్లి చూపించండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు. మగ్గం మీద ఇక్కత్ చీర పోగుపోగుగా తయారవడం పాప దగ్గరుండి చూడాలి. అక్కడ చీర కొంటే దాన్ని పండుగ బట్టల పద్దులో రాయండి, ప్రయాణం పద్దులో కాదు.

టోల్ పాస్ మీకు అక్కర్లేదు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఆ పాస్ ఏడాదికి లేదా 200 సార్లకు, ఏది ముందైతే అంతవరకే. అది జాతీయ రహదారుల ప్లాజాల్లోనే చెల్లుతుంది, ఔటర్ రింగు రోడ్డుకు వర్తించదు. మీ దారుల్లో అది అక్కరకొచ్చేది గుట్టకు వెళ్లేటప్పుడు బీబీనగర్ దగ్గరి గూడూరు ప్లాజాలో. నెలకోసారి వెళ్లినా అంత టోలు కాదు.

ఇక మిగిలే 10,000 సంగతి. జీతం పడిన రోజే 6,000 వేరే ఖాతాకు మార్చండి. విహారాల ఖర్చంతా ఆ ఖాతా నుంచే, ఫోనుతోనే చెల్లించండి. అందులో డబ్బు అయిపోతే ఆ నెలకు ప్రయాణాలు అయిపోయినట్టే. మిగతా 4,000 డిపాజిట్‌కు వేస్తే, తీసిన 46,000 ఏడాదిలో తిరిగి నిండుతుంది. దూరపు ప్రయాణానికి 3,000, దగ్గరి దానికి 1,500 పోతే నెలకు 1,500 మిగులుతుంది. నాలుగు నెలలకు 6,000. రోజు అద్దె అంతే అనుకుంటే, ఆ డబ్బుతో ఏడు సీట్ల కారు, డ్రైవరుతో సహా మాట్లాడుకుని అమ్మగారిని వరంగల్ వేయి స్తంభాల గుడికి, కోటకు హాయిగా తీసుకువెళ్లవచ్చు. అలా ఏడాదికి మూడుసార్లు వెళ్లినా 18,000. కొత్త కారుకు ఒక్క నెల వాయిదాయే 16,090.

అద్దె కారు ఎక్కే ముందు నంబరు పలక చూడండి. డ్రైవరుతో వచ్చే దానికి పసుపు పలకపై నల్ల అక్షరాలు, మీరే నడుపుకునే దానికి నల్ల పలకపై పసుపు అక్షరాలు ఉండాలి. తెలిసినవాళ్ల తెల్ల పలక కారు తక్కువ అద్దెకు వస్తుందని తీసుకోకండి. సొంత వాడకానికి బీమా చేసిన కారును అద్దెకు తిప్పుతుండగా ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించవచ్చు.