రైతుల క్లబ్బంటే గ్రేంజ్ ఒక్కటేనా? నూర్పిడి జట్టు లెక్కలు చూడండి

ప్రశ్న: "పాత రోజుల్లో అమెరికా మిడ్‌వెస్ట్‌లో రైతుల క్లబ్బులు ఏం చేసేవి? రైలు ఛార్జీల మీద పోరాటమేనా?"

ఈ ప్రశ్నకు అందరూ గ్రేంజ్‌తో మొదలుపెట్టి గ్రేంజ్‌తోనే ఆపేస్తారు. ముందు దాని సంగతి తేల్చేద్దాం. 1867లో మిన్నెసోటా రైతు ఆలివర్ హడ్సన్ కెల్లీ మరికొందరితో కలిసి వాషింగ్టన్‌లో పెట్టిన సంఘం అది. 1875 నాటికి సభ్యులు 8.5 లక్షల దాకా చేరారు. రైలు ఛార్జీల మీద, ధాన్యం గోదాముల రేట్ల మీద చట్టాలు రావడంలో దాని ఒత్తిడి ఉంది. ఇల్లినాయ్ చట్టాన్ని 1877లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. సంకేతపదాలు, డిగ్రీలు (అంటే సభ్యులు ఎక్కే మెట్లు), పూజల్లాంటి తంతులు ఉండేవి. ఆడవాళ్లకు మొదటినుంచీ పూర్తి సభ్యత్వం ఉండేది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను. అయొవాలో సొంతంగా హార్వెస్టర్లు తయారు చేయబోయి చేతులు కాల్చుకున్నారు.

నన్నడిగితే ఊళ్లో మనుషుల్ని నిజంగా కట్టిపడేసింది గ్రేంజ్ కాదు, నూర్పిడి జట్టు. "థ్రెషింగ్ రింగ్" అనేవాళ్లు. పది పదిహేను ఇళ్లు కలిసి, ఆవిరి ఇంజను ఉన్నవాణ్ణి మాట్లాడుకుని, వరసగా ఒక్కో పొలం నూర్చుకునేవాళ్లు. మన దగ్గర బదులుకు పోవడం లాంటిదే, కాకపోతే అక్కడ చిట్టా పుస్తకం ఉండేది.

నూర్పిడి యంత్రాన్ని నిలబెట్టడంలోనే సగం పనితనం. చక్రాల కింద గుంట తీసి అన్ని వైపులా సమంగా కూర్చోబెట్టాలి. ఒక పక్కకు వాలితే గింజంతా జల్లెడలో ఆ పక్కకే చేరి గడ్డితో పాటు బయటికి పోతుంది. ఇంజను దగ్గరగా పెట్టకూడదు, నిప్పురవ్వ పడితే వామి మొత్తం బూడిదే. అందుకే 120 నుంచి 150 అడుగుల బెల్టు వాడేవాళ్లు. రెండు వరసలుగా సాగుతుంది కాబట్టి ఇంజను 60 అడుగుల అవతల నిలబడుతుంది. రవ్వలు గడ్డి వైపు ఎగరకుండా గాలి వాటం చూసి పెట్టాలి. బెల్టుకు ఒక మెలిక తప్పనిసరి. మెలిక ఉంటే గాలికి తక్కువ ఊగుతుంది, పుల్లీని పట్టుకుని ఉంటుంది.

కట్టలు వెన్నుల వైపు ముందుగా, ఒకదాని వెనక ఒకటి వేయాలి. తొందరపడి అడ్డంగానో, నాలుగు ఒకేసారో, తడివో పడేస్తే సిలిండర్, అంటే గింజ రాల్చే పళ్ల డ్రమ్ము, గొంతు పట్టేస్తుంది. బెల్టు జారిపోతుంది, పది పదిహేను మంది చేతులు కట్టుకుని నిలబడతారు. నీళ్లబండి ఆలస్యమైతే ఇంకా ప్రమాదం. బాయిలర్‌లో నీళ్లు దిగి పొయ్యి మీది రేకు బయటపడితే పేలిపోతుంది. యూట్యూబ్‌లో ఆవిరి ఇంజను చూసి "ఆహా ఆ రోజులు" అని కామెంటు పెట్టేవాళ్లు ఈ మాట ఒకసారి చదవాలి.

అసలు క్లబ్బు మాత్రం నూర్పిళ్లు అయ్యాక కూర్చునే లెక్కల రాత్రిది. అందరి పొలాలూ సమానంగా ఉండవుగా. ఉదాహరణకు జట్టు మొత్తానికి 300 ఎకరాలు, అందరూ కలిసి చేసిన పని 1,200 గంటలు అనుకోండి. ఎకరానికి 4 గంటలు. 40 ఎకరాల రైతు 160 గంటలు ఇవ్వాలి. 140 పనిచేశాడు, అంటే 20 గంటల డబ్బు కట్టాలి. 15 ఎకరాల వాడి వంతు 60 గంటలే, కానీ 80 చేశాడు, ఆ 20 గంటల డబ్బు అతనికి వస్తుంది. గంట రేటు ముందే ఒప్పుకున్నది. బండి, గుర్రాలు తెచ్చినవాడికి వేరే రేటు. తగాదా రాకూడదంటే ఏ రోజు గంటలు ఆ రోజే, అందరి ముందే రాయాలి. వారం తర్వాత గుర్తు తెచ్చుకుని రాసిన జట్లే విడిపోయేవి. లెక్క తేలాక ఐస్‌క్రీమ్, పిల్లాజెల్లా అందరూ వచ్చేవాళ్లు.

ఇక ఆడవాళ్ల సంగతి. ఏ ఇంట్లో నూర్పిడి ఉంటే ఆ ఇంటామె పదిహేను ఇరవై మందికి వండాలి. పొద్దునా సాయంత్రం పొలానికి చిరుతిండి పంపాలి, మధ్యాహ్నం మాంసం, బంగాళాదుంపలు, రొట్టె, "పై" అనే తీపి వంటకం వడ్డించాలి. మధ్యలో వాన పడి పని ఆగిపోతే యంత్రంతో తిరిగే మనుషులు అక్కడే ఉండిపోతారు, పొయ్యి ఆరదు. పక్కింటి ఆడవాళ్లు సాయానికి వచ్చేవాళ్లు. గ్రేంజ్ తన తంతుల్లో ఆమెకు "మేట్రన్" (ఇంటి పెద్దామె) అని డిగ్రీ ఇచ్చింది. జట్టు పుస్తకంలో మాత్రం గుర్రానికి గంట రేటు ఉంది, ఆమెకు గడి కూడా లేదు.

కంబైన్‌లు వచ్చాక ఇద్దరు మనుషులతో కోత, నూర్పిడి ఒకేసారి అయిపోయేవి. ఆ లెక్కల రాత్రీ పోయింది, ఆ వంటా పోయింది. రెండోది పోయినందుకు బాధపడిన ఆడవాళ్లు తక్కువే అయ్యుంటారు.