ఆర్‌బీఐ సర్క్యులర్ వచ్చిన రోజే మన ఫోన్లోకి రావాలంటే

బ్యాంకు రూల్స్ మారాయంటూ వాట్సాప్‌లో రోజుకో మెసేజ్ వస్తోందనీ, ఆర్‌బీఐ సైట్ రోజూ తెరిచి చూసే తీరిక లేదనీ, అసలు ఆర్డర్ వచ్చిన రోజే తెలిసే దారి ఉందా అనీ అడిగారు. ఉందండీ. ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ పెట్టుకోండి, అంటే సైట్‌లో కొత్తగా పెట్టినవాటిని మన యాప్‌లోకి తెచ్చే ఏర్పాటు. నేను 2022 నుంచి వాడుతున్నాను. దానివల్ల మా ఇంట్లో ఒక పెళ్లి ముందు పెద్ద చిక్కు తీరింది.

2023 జనవరి సంగతి. లాకర్లకు కొత్త అగ్రిమెంటు రాసివ్వాల్సిన గడువు ఆ నెల 1తో అయిపోయింది. ఆ కాగితం సంగతి అమ్మకి ఎవరూ చెప్పలేదు. మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్లి. కాసులపేరు తెచ్చుకుందామని అమ్మ బ్యాంకుకెళితే, "లాకర్ ఫ్రీజ్ అయిందమ్మా, స్టాంపు పేపరు కొనుక్కొచ్చి అగ్రిమెంటు చేస్తేగానీ తెరవడం కుదరదు" అన్నారు. ఊళ్లో స్టాంపు పేపర్లు దొరకలేదు. రెండుసార్లు వట్టి చేతులతో తిరిగొచ్చింది.

23వ తేదీ సోమవారం రాత్రి భోజనం చేశాక ఫీడ్ తెరిస్తే, నోటిఫికేషన్ల వరుసలో సేఫ్ డిపాజిట్ లాకర్ అన్న మాట కనిపించింది. గడువు 2023 డిసెంబరు 31 దాకా పెంచారు. మాకు కావాల్సింది ఇంకో పేరాలో ఉంది: జనవరి 1లోగా అగ్రిమెంటు ఇవ్వలేదని ఆపేసిన లాకర్లను వెంటనే వాడుకోనివ్వాలి. స్టాంపు పేపర్లు, ఫ్రాంకింగ్ (స్టాంపు పేపరుకు బదులు మెషిన్‌తో వేసే ముద్ర) లాంటివి బ్యాంకులే ఏర్పాటు చేయాలనీ, సంతకాలయ్యాక ఒక కాపీ ఖాతాదారుకివ్వాలనీ కూడా ఉంది. మర్నాడు ప్రింటు తీసి, ఆ వాక్యాల కింద పెన్నుతో గీత గీసి, అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయనకి ఆ సర్క్యులర్ ఇంకా చేరలేదు. మేనేజరుగారు ఆసాంతం చదివి, ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని, మధ్యాహ్నానికల్లా లాకర్ తెరిపించారు.

ఇక పెట్టుకోవడం ఎలాగంటే, ఆర్‌బీఐ సైట్‌లో ఆర్‌ఎస్‌ఎస్ పేజీలో ప్రెస్ రిలీజులు, నోటిఫికేషన్లు, ప్రసంగాలు, టెండర్లు, పబ్లికేషన్లకు విడివిడిగా లింకులుంటాయి. లింకు నొక్కితే బ్రౌజర్లో కోడ్‌లాంటి అక్షరాలు కనిపించవచ్చు. సైట్ పాడైందనుకుని చాలామంది అక్కడే మూసేస్తారు. ఫీడ్ అంటే అదే, అది యాప్ చదువుకునే ఫైలు. పైనున్న అడ్రసు కాపీ చేసి ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి ఫీడ్లు చదివే యాప్‌లో అతికించండి, చాలు. కంప్యూటర్లో అయితే థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాంలో ఈమెయిల్స్ పక్కనే కనిపిస్తాయి. ఈమెయిల్ ఐడీ గానీ, ఫోన్ నంబరు గానీ ఆర్‌బీఐకి ఇవ్వక్కర్లేదు.

ఆ లింకుల్లో మీకు మొదటి రెండే చాలు. బ్యాంకులు పాటించాల్సిన ఆదేశాలు నోటిఫికేషన్లలో వస్తాయి. జనానికి చెప్పే ప్రకటనలు, బ్యాంకులకు వేసిన జరిమానాలు ప్రెస్ రిలీజుల్లో ఉంటాయి. ఒక్క జాగ్రత్త: హెడ్డింగ్‌లో డ్రాఫ్ట్ అని ఉంటే అది అభిప్రాయాల కోసం పెట్టిన ముసాయిదా, ఇంకా రూల్ కాదు. వాట్సాప్‌లో తిరిగేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి, వాటిని నమ్మి పెద్దవాళ్లు కంగారుపడడం చూస్తే నాకు బాధేస్తుంది.

2023 మే 19న 2000 నోట్లు వెనక్కి తీసుకుంటున్నామన్నప్పుడు మా వీధిలో అదే జరిగింది. ఆ నోట్లు ఇక చెల్లవని ఎవరో పుట్టించారు. అవి చెల్లుబాటులోనే ఉంటాయనీ, 23 నుంచి ఒక్కో విడత 20,000 దాకా మార్చుకోవచ్చనీ ప్రెస్ రిలీజులో స్పష్టంగా ఉంది. పక్కింటి మామ్మగారు బియ్యం డబ్బాలో దాచుకున్న 3 నోట్లు పట్టుకుని ఏడుపు మొహంతో వస్తే, దాన్నే తెలుగులో చదివి చెప్పాను.

యాప్ పెట్టాక ఫోన్ సెట్టింగుల్లో దానికి బ్యాటరీ సేవర్ తీసేయండి. లేకపోతే మీరు తెరిచేదాకా కొత్తవి రాకపోవచ్చు.